మామయ్య అంబాసిడర్‌కు ఏ ఆయిల్? – ఒక షెడ్డు డైరీ

సెప్టెంబరు 7

షెడ్డు తలుపు తీయడానికే ముప్పావు గంట పట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు పక్కింటి బాదం చెట్టు ఈ షెడ్డు మీదే కూలింది. కొమ్మలు నరికి తీశారు, రేకులు కొత్తవి వేశారు. తలుపు మాత్రం ఆనాటి నుంచి ఒరిగే ఉంది. లోపల మామయ్య అంబాసిడర్, 1977 మోడల్, మార్క్ 3. ఒకప్పుడు మీగడ రంగు, ఇప్పుడు దుమ్ము రంగు. తుఫాను దాన్ని తాకలేదు కానీ ఆ తరువాత మామయ్యకు చూపు మందగించి బండి బయటికి రావడమే తగ్గిపోయింది. ఇంజిన్ చివరిసారి తిరిగింది 2017లో అని అత్తయ్య లెక్క.

మామయ్య విశాఖలో మల్కాపురం రిఫైనరీలో పనిచేసి రిటైరయ్యారు. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన ఆ రిఫైనరీ 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఆయన నోట మాత్రం చివరిదాకా కాల్టెక్సే. బండి డాష్‌బోర్డు అరలో ఆయన రాసుకున్న చిన్న నోటుపుస్తకం దొరికింది. పెట్రోలు లెక్క లేదు, టైర్ల లెక్క లేదు. ఉన్నదంతా ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు, రకం. ‘వేసవి – 40’, ‘వానలు – 30’, మళ్ళీ ‘వేసవి – 40’. ఎనభైల చివరి దాకా అదే వరస. తరువాత ఒక్కసారిగా ‘20డబ్ల్యూ-50’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు. 2013 తరువాత పేజీలన్నీ ఖాళీ.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. బండి నడపడం వచ్చు, మరమ్మతు రాదు. సంక్రాంతికి అత్తయ్యను ఇదే బండిలో భీమిలి తీసుకెళ్తానని నోరు జారాను. ఆవిడ మరిచిపోయే రకం కాదు.

సెప్టెంబరు 14

కంచరపాలెం నుంచి మేస్త్రి గారు వచ్చారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. టాక్సీ అంబాసిడర్ల కాలంలో రోజుకో ఇంజిన్ విప్పిన చేయి. నాలుగు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండేసి చెంచాల ఆయిల్ పోసి, ముందు రోజు రాత్రంతా నాననిచ్చాం. ఈ రోజు బంపరు సందులోంచి హ్యాండిల్ దూర్చి ఆయన నెమ్మదిగా తిప్పితే మొదట మొరాయించింది, తరువాత ఉస్సురని తిరిగింది. అత్తయ్య వరండాలో నిలబడి చేతులు జోడించింది.

పాత ఆయిల్ దించాం. డ్రెయిన్ బోల్టు వదులు చేయగానే మొదట వచ్చింది ఆయిల్ కాదు, నీళ్ళు. టీ గ్లాసుకు కాస్త తక్కువ. నీళ్ళు ఆయిల్ కంటే బరువు, అందుకే సంపు (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగుకు చేరి కూర్చున్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయంటే, గాలి నుంచే. కదలకుండా నిలబెట్టిన ఇంజిన్ కూడా ఊపిరి పీలుస్తుంది. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే బయటి తేమ గాలి లోపలికి వస్తుంది. విశాఖ సముద్రపు గాలిలో ఎనిమిదేళ్ళు అలా జరిగితే టీ గ్లాసు నీళ్ళు పెద్ద వింతేమీ కాదు.

మిగిలిన ఆయిల్‌లో తేమ ఉందా లేదా అని ఇంట్లో చూశాను. పెనం బాగా కాలాక ఒక్క చుక్క వేయాలి. నీరు లేకపోతే పొగ మాత్రమే వస్తుంది, ఉంటే పోపు వేసినట్టు చిటపటలాడుతుంది. ఆవాల పోపు కంటే గట్టిగానే మోగింది. అది పాత పెనమేనని మా వారికి ఇంకా నమ్మకం కలగలేదు.

సెప్టెంబరు 28

మేస్త్రి గారికీ నాకూ మొదటి వాదన.

“లీటరు కిరసనాయిలు పోసి అయిదు నిమిషాలు తిప్పితే లోపలంతా కడుక్కుపోతుందమ్మా. ఎన్ని టాక్సీలకు చేశానో!”

“ఆ కడుక్కుపోయినది ఎక్కడికి పోతుంది మేస్త్రి గారూ?”

ఆయన సమాధానం చెప్పలేదు కానీ స్పానర్ తీశారు. కిరసనాయిలుకు చిక్కదనం లేదు, దాని మీద బేరింగులు తిరిగితే లోహానికి లోహం తగులుతుంది. పైగా ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి పెళ్ళలుగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే అసలుకే మోసం. అందుకని సంపు దించాం.

దించాక ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. అడుగున రెండు వేళ్ళ మందాన నల్లటి మడ్డి, ఆవకాయ జాడీ అడుగున మిగిలే గుజ్జులాగా. జల్లెడలో మూడింట రెండు వంతులు పూడుకుపోయి ఉంది. దీన్ని కిరసనాయిలుతో కడిగి ఉంటే ఏమయ్యేదో ఆయనే తల ఊపి ఒప్పుకున్నారు. సంపు, జల్లెడ పూర్తిగా శుభ్రం చేసి, కొత్త కార్క్ ప్యాకింగ్ వేసి బిగించాం. ఒక బేరింగ్ మూత విప్పి చూస్తే కాస్త బూడిద రంగు తేలింది, గాట్లు లేవు. ఇంజిన్ దించే పని తప్పింది.

పక్కింటాయన వచ్చి ఆ నల్ల ఆయిల్ తలుపులకు పూస్తాను, చెదలు పట్టవు అని అడిగారు. ఇవ్వలేదు. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో క్యాన్సర్ కలిగించే పదార్థాలు చేరతాయి. చేత్తో పూసేది కాదు, కాలువలో పోసేది అంతకన్నా కాదు. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించేవారి కోసం మేస్త్రి గారి షెడ్డుకు పంపాను.

అక్టోబరు 5

అసలు ప్రశ్న ఈ రోజు మొదలైంది. ఏ ఆయిల్?

హైదరాబాదు నుంచి తమ్ముడు ప్రేమతో ఒక డబ్బా పంపాడు. ఫుల్ సింథటిక్, 5డబ్ల్యూ-30, మీద 2020లో వచ్చిన ‘ఎస్‌పి’ అనే ప్రమాణం. “షాపులో అన్నిటికంటే ఖరీదైనది ఇదే అక్కా” అన్నాడు. మేస్త్రి గారు డబ్బాను అటూ ఇటూ ఊపి, “ఇది నీళ్ళమ్మా” అని తేల్చేశారు. ఆయన సలహా మోనోగ్రేడ్ (ఒకే అంకె ఉన్న ఆయిల్) 40, అది దొరకకపోతే దొరికినంత చిక్కటిది. “చిక్కటిది పోస్తే చప్పుడు పోతుంది” అన్నది ఆయన సూత్రం. చప్పుడు పోవడం వేరు, అరుగుదల పోవడం వేరు అని నా అనుమానం.

డబ్బా మీది అంకెలు ముందుగా అర్థం చేసుకోవాలి. ‘డబ్ల్యూ’ అంటే చలికాలం. దాని ముందు అంకె చలిలో ఇంజిన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో చెబుతుంది, వెనుక అంకె వేడెక్కాక చిక్కదనం ఎంత మిగులుతుందో చెబుతుంది. 20డబ్ల్యూ అనిపించుకోవాలంటే ఆయిల్‌ను సున్నాకు 15 డిగ్రీల దిగువన పరీక్షిస్తారు. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి వెళ్ళినా పాదరసం సున్నా చుట్టూ తచ్చాడుతుంది, అంతే. విశాఖలో చలికాలం రాత్రి కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఆ ముందు అంకె కోసం మనం అదనంగా డబ్బు పోయాల్సిన పని లేదు. మనకు కావలసింది వెనుకది.

వెనుక అంకె 100 డిగ్రీల దగ్గర కొలిచినది. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనానికి కొలమానం) మధ్య, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. మామూలు 20డబ్ల్యూ-50 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 160 సెంటీస్టోకుల ప్రాంతంలో ఉండి, 100 డిగ్రీలకు చేరేసరికి 18 దగ్గరికి దిగుతుంది. అంటే సుమారు తొమ్మిదో వంతు. డబ్బాలోంచి తేనెలా జారేది ఇంజిన్‌లో పాలలా పారుతుంది. మేస్త్రి గారు ఊపి చూసినది షెడ్డు వేడిలో ఉన్న ఆయిల్‌ను. బేరింగు చూసేది దాన్ని కాదు.

ఇక ఇంజిన్ సంగతి. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్, 1489 సీసీ. బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా మన దేశంలో తయారైన అంబాసిడర్‌కు తొలి రోజుల్లోనే అమర్చిన ఇంజిన్. పిస్టన్లు తిప్పే ఇరుసుకు, అంటే క్రాంక్ షాఫ్టుకు, మూడే మెయిన్ బేరింగులు. వెనుక బేరింగు దగ్గర ఇప్పటి కార్లలాగా రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద మర లాంటి గాడి ఉంటుంది, తిరుగుతున్నప్పుడు అది ఆయిల్‌ను వెనక్కి లోపలికి తోస్తుంది. ఇంజిన్ ఆగితే తోసేవారు లేరు కాబట్టి కాస్త కారుతుంది. అంబాసిడర్ ఆగిన చోట చుక్క పడకపోతే అందులో ఆయిల్ లేనట్టే అని మామయ్య అనేవారు. అప్పుడు సరదాకు అంటున్నారనుకున్నాను. పల్చటి 5డబ్ల్యూ-30 పోస్తే ఆ గాడికి పని పెరుగుతుంది, వేడెక్కాక ప్రెషరూ తగ్గుతుంది. తమ్ముడి ఆయిల్ చెడ్డది కాదు, అది పుట్టింది వాడి కారు కోసం.

రెండో సంగతి జింకు. పాత కార్ల వాళ్ళ మధ్య దీని మీద జరిగే చర్చ పెళ్ళి కట్నాల చర్చ కంటే వేడిగా ఉంటుంది. ఈ ఇంజిన్‌లో క్యామ్ తోపుడును వాల్వులకు అందించే టాపెట్లు బల్లపరుపు రకం. క్యామ్ మీద అవి దొర్లవు, రాసుకుంటూ జారుతాయి. అక్కడి ఒత్తిడికి ఆయిల్ పొర ఒక్కటే నిలవదు. 1940ల నుంచి ఆయిల్‌లో కలుపుతున్న జింకు, ఫాస్ఫరస్ ఉన్న ఒక పదార్థం (పొట్టి పేరు జడ్‌డిడిపి) ఆ రాపిడి వేడికి విడిపోయి ఉక్కు మీద గాజు లాంటి పల్చటి పూత కడుతుంది. ఇనుము బదులు ఆ పూత అరుగుతుంది. అయితే ఫాస్ఫరస్ పొగలో కలిసి కొత్త కార్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే 2004లో వచ్చిన ప్రమాణం దాన్ని 0.08 శాతానికి పరిమితం చేసింది. దాంతో ఇక మన పాత ఇంజిన్లకు నూకలు చెల్లినట్టే అని గగ్గోలు.

గగ్గోలు పెట్టేవాళ్ళు చాలామంది చిన్న అక్షరాలు చదవరు. ఆ పరిమితి ఇంధన పొదుపు కోసం చేసిన పల్చటి గ్రేడ్లకు, అంటే 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటివాటికి పెట్టినది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 దాని కిందికి రావు. పైగా మన అంబాసిడర్ వాల్వు స్ప్రింగులు సాధువులు. గట్టి స్ప్రింగులు వేసిన పెద్ద అమెరికా ఇంజిన్లలో క్యామ్ అరిగిన కథలు తెచ్చి మర్రిపాలెంలోని మన షెడ్డులో బెంగపడనవసరం లేదు. విడిగా అమ్మే జింకు సీసాలు కలపకూడదని కూడా అప్పుడే నిర్ణయించుకున్నాను. ఒక ఆయిల్‌లోని రసాయనాలన్నీ ఒకదానికొకటి తూకం చూసి కలుపుతారు. వండిన పులుసులో ఇంకొంచెం ఇంగువ వేస్తే ఇంకొంచెం రుచి రాదు కదా.

మొదటి విడతకు మాత్రం 20డబ్ల్యూ-50 కాదు, లారీలకు వాడే 15డబ్ల్యూ-40, ‘సిఐ-4’ అనే డీజిల్ ఇంజిన్ల ప్రమాణం. మసిని పట్టి తేల్చే గుణం డీజిల్ ఆయిల్‌లో ఎక్కువ. సంపు కడిగాం కానీ ఆయిల్ నాళాలు కడగలేదు. కొద్ది వందల కిలోమీటర్లు దీనితో తిప్పి పారబోయాలని ఆలోచన. మేస్త్రి గారు ముఖం చిట్లించారు. “లారీ ఆయిల్ పెట్రోలు బండికా?” డబ్బా వెనుక పెట్రోలు ఇంజిన్ల ప్రమాణం ‘ఎస్‌ఎల్’ కూడా ఉందని వేలుపెట్టి చూపించాక కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

అక్టోబరు 19

ఫిల్టర్ గిన్నెలో కొత్త ఎలిమెంటు. అన్నీ కలిపి నాలుగు లీటర్లు దాటి పట్టింది. డాష్‌బోర్డు కింద నిజమైన ఆయిల్ ప్రెషర్ గేజి బిగించాం, దీపం కాదు. దీపం వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

ఎనిమిదేళ్ళు ఎండిన పంపు ఒకేసారి ఆయిల్ ఎత్తుకోదు. అందుకని ప్లగ్గులు తీసేసి, సిలిండర్లలో బిగువు లేకుండా స్టార్టర్‌తో పది సెకన్లు తిప్పడం, నిమిషం ఆపడం. నాలుగో విడతలో గేజి ముల్లు కదిలింది. అప్పుడే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేశాం. ఆయిల్ పోసి నానబెట్టిన సిలిండర్లు కాబట్టి తెల్లటి పొగ, వీధి చివర దాకా. దోమల మందు బండి వచ్చిందని పిల్లలు పరుగెత్తుకొచ్చారు. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ చదరపు అంగుళానికి 55 పౌండ్లు, ఇరవై నిమిషాల తరువాత నిలకడ మీద (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతుంటే) 18. ఈ ఇంజిన్‌కు నడకలో 50 ప్రాంతం, వేడి మీద నిలకడలో 15 ప్రాంతం ఉంటే ఆరోగ్యం.

నవంబరు 23

బ్రేకులు, హోస్ పైపులు, ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్. నెల రోజులు అవే తిన్నాయి. వాటి గురించి రాస్తే ఇది ఆయిల్ డైరీ కాకుండా పోతుంది. అయిపోయాయి.

డిసెంబరు 7

ఈ రోజు గుండె జారింది.

ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా సింహాచలం. గోపాలపట్నం రోడ్డులో ముల్లు 50 దగ్గర బొమ్మలా నిలబడింది. ఘాట్ రోడ్డు ఎక్కి సగం మలుపులు దాటాక ఒక్కసారిగా 30కి పడిపోయింది. కొండ మీద ఆపితే నిలకడలో 6. అప్పన్న దర్శనం కంటే ముందు బానెట్ దర్శనం చేసుకున్నాను. డిప్‌స్టిక్ మీద మట్టం సరిగ్గా ఉంది, చప్పుడేమీ లేదు, నీళ్ళు మరగలేదు. అరగంట చల్లార్చి, సెకండ్ గేరులో మెల్లగా దింపి ఇంటికి తెచ్చాను.

మేస్త్రి గారికి ఫోను చేస్తే, “నేను చెప్పలేదా అమ్మా, పల్చన అయిపోయింది. 50 పోయండి, చిక్కబరిచే మందు సీసా ఒకటి కలపండి” అన్నారు. ఆ మాట విన్నప్పుడు నేనూ సరే అనుకున్నాను. సాయంత్రం గేజి అంకెలు వరసగా రాసుకుంటుంటే ఒకటి తట్టింది. ఆయిల్ వేడెక్కి పల్చబడితే ముల్లు ఎండకు మంచులా మెల్లగా దిగాలి. ఇది కిలోమీటరు లోపల మెట్టు దిగినట్టు పడింది. ఆయిల్ అలా పడదు. ఏదో ఒక తలుపు తెరుచుకుని ఉండాలి.

డిసెంబరు 14

తలుపు దొరికింది. ఇంజిన్ వెనుక భాగంలో టోపీ లాంటి గుండ్రటి నట్టు కింద రిలీఫ్ వాల్వు ఉంటుంది. స్ప్రింగు, దాని కొసన చిన్న గిన్నె. ప్రెషర్ మరీ పెరిగితే గిన్నె లేచి ఎక్కువైన ఆయిల్‌ను సంపులోకి వదిలేస్తుంది. పంపు నుంచి వచ్చిన ఆయిల్ ముందుగా చూసేది దీన్నే, ఫిల్టర్ ఆ తరువాత. అంటే జల్లెడ కన్నం దాటగలిగిన ఏ నలుసైనా వడపోత లేకుండా ఇక్కడికి రావచ్చు.

వచ్చింది. గిన్నె అంచుకూ దాని పీఠానికీ మధ్య ఆవగింజలో సగం ఉన్న గట్టి మసి పెళ్ళ. డీజిల్ ఆయిల్ తన పని తాను చేసుకుంటూ ఎక్కడో మూల నుంచి ఊడదీసినది. వాల్వు మూసుకోనివ్వకుండా అది అడ్డం పడితే పంపు తోసిన ఆయిల్‌లో సగం తిన్నగా సంపుకే పోతోంది. పీఠం తుడిచి, స్ప్రింగు వంగలేదని చూసి బిగించాం. మళ్ళీ అదే ఘాట్ రోడ్డు, అదే ఎండవేళ. పైకెక్కాక నడకలో 48, నిలకడలో 13. అదే పాత ఆయిల్‌తో.

ఆ రోజు చిక్కటి ఆయిల్, మందు సీసా పోసి ఉంటే నిలకడ 6 నుంచి 10 దాకా లేచేది, మేమిద్దరం చప్పట్లు కొట్టుకునేవాళ్ళం, పెళ్ళ మాత్రం అక్కడే ఉండేది. మేస్త్రి గారు ఆ నలుసును వేలి కొసన పెట్టుకుని చాలాసేపు చూశారు. “ఎన్ని టాక్సీలకు ఊరికే 50 పోయించానో” అన్నారు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

జనవరి 4

లారీ ఆయిల్ 420 కిలోమీటర్లు తిరిగాక దించేశాం. నల్లగా, మెరుస్తూ, నీటి చుక్క లేకుండా. పెనం పరీక్షకు మా వారు అనుమతించలేదు, షెడ్డులో స్టవ్ పెట్టుకున్నాను.

ఇప్పుడు అసలు ఆయిల్. మినరల్ 20డబ్ల్యూ-50, ‘ఎస్‌ఎల్’ లేక అంతకంటే పై ప్రమాణం. బ్రాండు నాకు ముఖ్యం కాదు, సీలు ముఖ్యం. దొండపర్తి వైపు ఒక దుకాణంలో ఇచ్చిన డబ్బా మూత సీలు వేలితో తోస్తే ఊడి వచ్చింది. తయారీ తేదీ ఉండాల్సిన చోట గీకిన గుర్తు. తిరిగి ఇచ్చేస్తే దుకాణదారు, “అన్నీ అలాగే వస్తాయి మేడమ్” అన్నాడు. అన్నీ అలా రావు. పెట్రోలు బంకులో కొన్నాను.

రిఫైనరీ ఊరిలో ఉంటూ ఆయిల్ కోసం ఇన్ని తిప్పలా అని అత్తయ్య ఆశ్చర్యం. హిందుస్థాన్ పెట్రోలియం వారి లూబ్ రిఫైనరీ ఉన్నది ముంబయిలో అని చెబితే, “మీ మామయ్య ఎప్పుడూ చెప్పలేదే!” అంది.

మామయ్య పుస్తకంలో ఆ రెండు గీతల మర్మం కూడా ఇప్పుడు అర్థమవుతోంది. మోనోగ్రేడ్‌లో చిక్కదనం వేడికి త్వరగా పడిపోతుంది, అందుకే ఆయన వేసవికొకటి, వానలకొకటి మార్చేవారు. 20డబ్ల్యూ-50 లాంటి రెండు అంకెల మల్టీగ్రేడ్‌లో కలిపే పాలిమర్ వేడికి విచ్చుకుని చిక్కదనం మరీ జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఏడాది పొడుగునా ఒకటే ఆయిల్. ఆయనకు ఒక పని తగ్గింది, గీతలు కొట్టుకున్నారు. ఆ పాలిమర్ గొలుసులు తిరగగా తిరగగా తెగి, 50 కాస్తా 40 వైపు జారుతుంది కాబట్టి అయిదు వేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే దానికి మార్చేయడం. ఈ బండికి ఏడాదే ముందు వస్తుంది.

కొత్త ఆయిల్‌తో వేడి మీద నిలకడ 18, నడకలో 55. తెల్లవారుజామున 20 డిగ్రీల చలిలో స్టార్ట్ చేస్తే మూడో సెకనుకు ముల్లు లేచింది.

జనవరి 17

కనుమ నాడే బయలుదేరదామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. “కనుమ నాడు కాకైనా కదలదు, అంబాసిడర్ కదులుతుందా?” ముక్కనుమ నాడు వెళ్ళాం. బీచ్ రోడ్డు మీద రుషికొండ, తొట్లకొండ దాటి భీమిలి. వెనుక సీటులో ముగ్గురు, అరిసెల డబ్బా, గొబ్బి పాట పాడే మేనకోడలు. గేజి చూడ్డం మర్చిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు గుర్తొచ్చి చూస్తే 52.

ఆగిన చోటల్లా పడిన చుక్కలను ఇంటికొచ్చాక పాత దినపత్రిక పరిచి లెక్కపెట్టాను. రాత్రికి పదకొండు. మేస్త్రి గారు చెబితే డిప్‌స్టిక్ చూశాను, పై గీత దాటి పోసి ఉన్నాను. మంచిదే కదా అని ఒక పావు లీటరు ఎక్కువ పోసిన పాపం. దించి, రెండు గీతల మధ్యకు తెచ్చాక రాత్రికి నాలుగు. ఈ పాఠం మాత్రం పూర్తిగా ఆయనదే.

ఫిబ్రవరి 22

కాలేజీ లేబు నుంచి వడపోత కాగితాలు తెచ్చాను. వేడి ఇంజిన్ డిప్‌స్టిక్ నుంచి ఒక్క చుక్క కాగితం మీద వేసి రాత్రంతా వదిలేయాలి. మసిని ఆయిల్ ఇంకా తేల్చి ఉంచగలిగితే నలుపు సమానంగా అంచు దాకా పాకుతుంది. చేతులెత్తేస్తే మధ్యలో నల్లటి ముద్ద, చుట్టూ పాలిపోయిన వలయం. పెట్రోలు కలిసి ఉంటే బయటి అంచున విడిగా ఒక లేత వలయం కనబడుతుంది. మన చుక్క లేత గోధుమ రంగు, సమానంగా పాకింది. పక్కనే మేస్త్రి గారు తెచ్చిన ఇంకో బండి చుక్క, తహసీల్దారు ముద్రలాగా నల్లగా గుండ్రంగా కూర్చుంది.

“రంగు నల్లబడితే మార్చాలంటారు కదమ్మా?”

“నల్లబడటం దాని పని మేస్త్రి గారూ. నల్లబడకపోతేనే అనుమానించాలి.”

ఏప్రిల్ 19

ఎండ మొదలైంది. ఎన్ఏడీ దగ్గర పెళ్ళి ఊరేగింపు వెనుక ఇరవై అయిదు నిమిషాలు, మధ్యాహ్నం రెండింటికి. నాకు కావలసిన పరీక్ష ఇదే. నీళ్ళ ముల్లు ఎర్ర గీతకు ఒక వేలు దూరం, ఆయిల్ నిలకడలో 15, అక్కడి నుంచి కిందికి రాలేదు. ఇదే రోడ్డు మీద 15డబ్ల్యూ-40 అయితే 11 చూపించేదని నా అంచనా. దానితోనూ బండి నడిచేదే, నేను మాత్రం ప్రశాంతంగా కూర్చునేదాన్ని కాదు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల రబ్బరు పైపుల మీద ఒక కన్ను వేసి ఉంచాను. దగ్గర దూరాలకు బండి తీయడం మానేశాను. పాల ప్యాకెట్టు కోసం కిలోమీటరు తిప్పితే ఆయిల్ వేడెక్కదు, తేమ, పెట్రోలు అందులోనే ఉండిపోతాయి. తీస్తే అరగంటకు తగ్గకుండా తీయడం.

తమ్ముడి 5డబ్ల్యూ-30 డబ్బా వాడు వచ్చినప్పుడు వాడి కారులోనే పోయించాను. మామయ్య పుస్తకంలో 2013 కింద జనవరి 4 తేదీ, కిలోమీటర్లు, ‘20డబ్ల్యూ-50’ రాశాను. గీతలు కొట్టలేదు.

నిన్న మేస్త్రి గారు ఫోను చేశారు. కంచరపాలెం షెడ్డుకు ఒక ఫియట్, ఇంకో రెండు అంబాసిడర్లు వచ్చాయట. ఆయిల్ సంగతి అడుగుతారేమో అనుకున్నాను.

“ఆ కాగితాలు ఇంకో ప్యాకెట్ దొరుకుతాయా అమ్మా? డబ్బులిస్తాను.”